ఆ రెండు గొట్టాలు బ్రేకులో భాగమే

మా బావమరిది గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. ఈ ఏడు సంక్రాంతికి ముందు అక్కను చూడడానికి బస్సులో విజయవాడ వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో దిగబెడతానన్నాను. కనకదుర్గమ్మ వారధి దాటాక, "మీరు కాసేపు పక్కన కూర్చోండి బావా" అని స్టీరింగు తను తీసుకున్నాడు. మంగళగిరి దాటాం, కాజ టోల్‌ప్లాజా ఇంకా రాలేదు. సర్వీసు రోడ్డులోంచి ఒక ఆటో వెనకాముందూ చూడకుండా హైవే మీదికి వచ్చేసింది. బ్రేకు వేశాడు. ఆటోకూ మాకూ మధ్య బారెడు జాగా మిగిలింది. కారు ఆగిందనే మాట నిజమే గాని, ఆగిన తీరు వేరు. ముందు భాగం సాష్టాంగపడుతున్నట్లు కిందికి వంగింది, ఆగాక పైకి లేచింది, మళ్లీ సగం దాకా వంగి అప్పుడు నిలబడింది.

అతను ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇది కారా బావా, కృష్ణలో పడవా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. తొమ్మిదేళ్లుగా రోజూ నడుపుతున్న కారు. ఎనభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. దానికి ఏ లోపమూ ఉన్నట్లు నాకు అనిపించలేదు. అనిపించకపోవడానికి కారణం తరువాత అర్థమైంది. లోపం చక్రాల దగ్గరి షాక్ అబ్సార్బర్లది. ఈ షాకులు పగిలిపోయి చెప్పవు, తెగిపోయి చెప్పవు. రోజుకు వెంట్రుకవాసి చొప్పున నీరసిస్తాయి. మనం కూడా అంతే మెల్లగా సర్దుకుంటాం. మలుపులో కొంచెం ముందే వేగం తగ్గిస్తాం, బ్రేకు కొంచెం ముందే తొక్కుతాం, గతుకును కొంచెం పక్కకు తప్పిస్తాం. కారు చేయవలసిన పనిని డ్రైవరు ఒంటి మీద వేసుకుంటాడు, ఆ సంగతి అతనికే తెలియదు. బావమరిదికి ఆ అలవాటు లేదు. అందుకే మొదటి బ్రేకుకే పట్టేశాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఆటో కాదు, తరువాతి పదిహేను రోజుల్లో నేను విన్న సలహాలు. "ఇంకో ఏడాది లాగించండి, కుదుపేగా, చచ్చిపోతామా" అని ఆఫీసులో ఒకరు. "సీటు మీద మంచి దిండు వేసుకోండి" అని ఇంకొకరు. ఈయన వేళాకోళానికి అనలేదు, నిజంగానే అన్నారు. అందరి లెక్కలోనూ షాకులు సీటు కవర్ల పక్కన, ఏసీ పక్కన, అంటే సుఖం పద్దులో ఉన్నాయి. డబ్బులుంటే మార్చుకుంటాం, లేకపోతే నడుం పట్టుకుని తిరుగుతాం. నా వాదన ఒక్కటే: ఆ పద్దు తప్పు. ముందు షాకుల ఖర్చు రాయవలసింది బ్రేకు ప్యాడ్ల కింద, టైర్ల కింద.

ఈ పొరపాటులో సగం పేరు వల్లే వచ్చింది. షాక్ అబ్సార్బరు అన్నారు కాబట్టి అది కుదుపును మింగుతుందనుకుంటాం. గుంతలో చక్రం పడినప్పుడు ఆ దెబ్బను తీసుకునేది టైరూ స్ప్రింగూ. కారు బరువును మోసేది కూడా స్ప్రింగే. అయితే స్ప్రింగుకు ఒక చెడ్డ గుణం ఉంది, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఒకసారి నొక్కుకుంటే లేస్తుంది, లేస్తే మళ్లీ నొక్కుకుంటుంది. పిల్లలు దిగిపోయినా ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది కదా, అలాగ. ఆ గొలుసు పట్టుకుని ఆపే చెయ్యి పేరు షాక్ అబ్సార్బరు. ఇంగ్లండులో దీన్ని డ్యాంపరు అంటారు, ఆ పేరే దీని పనికి దగ్గర. మనవాళ్లు అబ్సార్బరును తీసేసి ఉత్త 'షాకులు' అంటారు. చెడిపోయిన జతకు ఆ పేరు అచ్చంగా సరిపోతుంది.

లోపల ఉండేది గొట్టం, గొట్టంలో నూనె, నూనెలో కదిలే పిస్టను, పిస్టనుకు సన్నని రంధ్రాలూ కవాటాలూ. చిన్నప్పుడు బందరు కాలువలో ఈత కొట్టినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. చేతిని నీళ్లలో మెల్లగా తోస్తే నీరు దారి ఇస్తుంది, విసురుగా కొడితే ఎదురు తిరుగుతుంది. షాకూ అంతే. మెల్లగా కదిలితే వదిలేస్తుంది, వేగంగా కదిలితే అడ్డుకుంటుంది. అలా అడ్డుకున్న కదలిక ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. గతుకుల దారిలో గంట నడిపి, దిగి ఆ గొట్టం మీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా తగులుతుంది. మన రోడ్లను వేడి చేసి గాలిలోకి వదిలే యంత్రం అది.

ఇక బ్రేకు సంగతి. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. అరచేయంత మేర టైరు నేలను అంటి ఉంటే ఆ పట్టు ఉంటుంది, లేకపోతే లేదు. కారు శరీరం స్ప్రింగుల మీద సెకనుకు ఒకసారో ఒకటిన్నరసారో ఊగుతుంది. అది మనకు తెలుస్తుంది, కడుపులో తిప్పుతుంది. చక్రం మాత్రం టైరు రబ్బరుకూ స్ప్రింగుకూ మధ్య సెకనుకు పది పదిహేనుసార్లు అదురుతుంది. అది మనకు తెలియదు. షాకు బాగుంటే ఆ అదురు రెండు మూడు దెబ్బలకు చల్లారుతుంది. షాకు చచ్చిపోతే చక్రం రోడ్డు మీద చిన్న చిన్న గంతులు వేస్తూనే ఉంటుంది. గంతు వేసిన ప్రతిసారీ ఆ చక్రానికి బ్రేకు ఉన్నా లేనట్లే, స్టీరింగు తిప్పినా తిప్పనట్లే. గాలిలో ఉన్న చక్రం వెంటనే బిగుసుకుపోతుంది, ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారయితే అది చూసి బ్రేకు వదులుతుంది. గతుకుల మీద బ్రేకు వేసినప్పుడు కారు ఆగకుండా జారిపోతున్నట్లు అనిపిస్తే, చాలామంది బ్రేకు షూలు మార్పిస్తారు. పాపం, వాటి తప్పేమీ లేదు.

మన ప్రాంతంలో ఇవి త్వరగా చావడానికి రెండు కారణాలు ప్రత్యేకంగా చెప్పాలి.

ఒకటి నేల. గుంటూరు దాటి పల్లెల వైపు వెళ్లే దారులు చాలావరకు నల్లరేగడి మీద వేసినవి. వానకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుకుని కుంగుతుంది. పైన తారు ఎంత నున్నగా ఉన్నా కింద నేల ఊపిరి పీల్చి వదులుతుంటే రోడ్డు అలలు తేలుతుంది. గుంత కనబడదు, కారు మాత్రం తేలుతూ వెళుతుంది. ఒక అల పదిహేను మీటర్ల పొడవుందనుకోండి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఒక అల దాటుతాం. కారు శరీరం సహజంగా ఊగే వేగం కూడా దాదాపు అదే. ఉయ్యాలను సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోసినట్లు, ప్రతి అలా ముందు అల ఊపును పెంచుతుంది. అడ్డుకోవలసిన షాకు నీరసించి ఉంటే, ఎదురుగా ఏ అడ్డమూ లేని రోడ్డు మీద కూడా ముందు చక్రాలు తేలికైపోతాయి.

రెండోది స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల్లో దీనికి కొలతలు ఉన్నాయి. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా గుండ్రంగా ఉండాలి. మా వీధి చివర కాలనీవాళ్లే చందా వేసుకుని కట్టుకున్నదాన్ని ఒక ఆదివారం టేపు పట్టుకుని కొలిచాను. ఎత్తు 13 సెంటీమీటర్లు, వెడల్పు 55. అంటే మెట్టు కట్టి దానికి స్పీడ్ బ్రేకరని పేరు పెట్టారు. నేను వంగి కొలుస్తుంటే ఎదురింటావిడ బాల్కనీలోంచి, "ఏమైనా పడిపోయిందా అండీ?" అని అడిగింది. పడిపోయింది అనే చెప్పాను.

రోజుకు నాలుగుసార్లు ఆ మెట్టు ఎక్కి దిగుతాను. ఎక్కినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, అది ఎవరైనా ఓర్చుకుంటారు. దిగినప్పుడు చక్రం ఒక్కసారిగా కిందికి జారి షాకు చివరిదాకా సాగుతుంది. ఆ సాగుడే సీలును చంపుతుంది. ఎడమవైపుది ముందు పోయింది. అదీ సహజమే, రోడ్డు అంచులో విరిగిన తారు, మూత కుంగిన మ్యాన్‌హోలు, ఎదురుగా వచ్చేవాడికి దారి ఇచ్చినప్పుడు దిగే మట్టి, ఇవన్నీ ఎడమ చక్రం వాటాకే వస్తాయి.

నిజం చెప్పాలంటే ఎడమది రెండేళ్ల కిందటే కారింది. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మా పెదనాన్నగారు ఒకప్పుడు అంబాసిడరు నడిపిన మనిషి. "షాకులు మార్చడమేమిట్రా, నూనె పోయించు, చాలు" అన్నారు. ఆయన మాట కాదనలేక ఒక చోట పోయించాను. గొట్టానికి బెజ్జం వేసి, నూనె నింపి, వెల్డింగు పెట్టి, నల్లరంగు పూసి ఇచ్చారు. ఒక్కదానికి ఏడు వందలు. నాలుగు నెలలు బాగానే ఉంది, తరువాత మళ్లీ మొదటికి వచ్చింది.

పెదనాన్నగారిని తప్పు పట్టను. ఆయన మాట ఆయన కాలానికి అక్షరాలా నిజం. పాత అంబాసిడరు ముందు షాకులు గొట్టాలు కావు, చేయి కదిపే పెట్టెలు. వాటికి నూనె పోయడానికి మూత కూడా తయారీదారుడే పెట్టేవాడు. మూత విప్పి నింపడం రిపేరు కాదు, మామూలు సంరక్షణ. 1983 చివర మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీదికి స్ట్రట్టు వచ్చింది. దీని తీరు వేరు. అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1947లో పేటెంటుకు పెట్టిన ఏర్పాటు ఇది. ఒకే గొట్టం షాకుగా పని చేస్తుంది, స్ప్రింగుకు పీటగా ఉంటుంది, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు కూడా అదే. కొత్త రకాల్లో నూనె నురగ కట్టకుండా పైన నత్రజని వాయువును ఒత్తిడితో నింపి మూసేస్తారు. నురుగు వస్తే ఏమవుతుందో మజ్జిగ చిలికిన ప్రతి ఇంటికీ తెలుసు. కవ్వానికి గాలి తగులుతుంది, పట్టు ఉండదు. బెజ్జం వేసిన క్షణంలోనే ఆ వాయువు పోతుంది. లోపల అరిగిన కవాటం అరిగినట్లే ఉంటుంది, సీలు చీలినది చీలినట్లే ఉంటుంది. మూత పోయింది, నూనె పోసే అలవాటు మాత్రం నలభై ఏళ్లు దాటినా మిగిలింది. మనం కొత్త వస్తువును పాత వస్తువు మర్యాదలతో చూసుకుంటున్నాం.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు ముక్కల గురించి కూడా కొందరు అడిగారు. అవి కారును పైకెత్తుతాయి, గట్టిపరుస్తాయి. ఊపును ఆపవు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఈసారి ఆటోనగర్ వెళ్లాను. బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డులో వెళ్లి లోపలికి తిరిగితే సుత్తి చప్పుడు స్వాగతం చెబుతుంది. ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే ఆ పేటలో లారీ కమాన్లు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) కట్టే కొలిమి పక్కనే మేస్త్రి గారి షెడ్డు. కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడమే కొంత వరకు షాకు పని చేస్తుందని, అందుకే లారీ వెనక షాకులు లేకపోయినా నడిచిపోతుందని ఆయనే చెప్పారు. చుట్ట స్ప్రింగుకు ఆ రాపిడి లేదు.

ముందు ఆయన కూడా, "సార్, ఎడమది ఒక్కటే కారింది, కుడిది బాగుంది, ఒక్కటి వేద్దామా?" అన్నారు. నా డబ్బు మిగల్చాలనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక కాలికి కొత్త బూటు, ఇంకో కాలికి అరిగిన చెప్పు వేసుకుని పరుగెత్తమంటే ఎలా? గట్టి బ్రేకులో ఎడమ చక్రం నేలను పట్టుకుని, కుడి చక్రం గంతులు వేస్తే కారు ఒక పక్కకు లాగుతుంది. ముందు రెండూ ఒకేసారి మార్చాలి. ఈ విషయంలో బేరం లేదు.

తరువాత జరిగింది దగ్గర నుంచి చూశాను. జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం విప్పారు. బ్రేకు గొట్టాన్ని స్ట్రట్టుకు పట్టి ఉంచే క్లిప్పు తీశారు, పక్కన లింకు రాడ్డు విప్పారు. కింద రెండు పెద్ద బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. నూనె చల్లి, టీ తాగి వచ్చి, పానా వేశారు. విప్పే ముందు బోల్టు తల పక్కన సుద్దతో గీత గీశారు. మళ్లీ అదే చోట బిగిస్తే చక్రం వాలు మరీ తేడా రాదని. స్ట్రట్టు ఊడగానే చక్రం హబ్బు బయటికి వాలబోయింది. కుర్రవాడు దాన్ని ఇనుప తీగతో స్ప్రింగు గూటికి కట్టేశాడు. బ్రేకు గొట్టం మీద ఆ బరువు వేలాడకూడదు. చెప్పకుండానే ఆ పని చేసిన కుర్రవాడిని చూశాకే నాకు ఆ షెడ్డు మీద నమ్మకం కుదిరింది.

స్ప్రింగు విప్పేటప్పుడు ఆయన స్వరం మారింది. "సార్, ఎదురుగా నిలబడవద్దు. పక్కకు రండి." స్ప్రింగు మనిషిని చంపగలదు. కారు ముందు భాగపు బరువును మోసే ఉక్కు అది, బయటికి తీశాక కూడా కొంత నొక్కుకునే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉన్నది పైన ఉన్న ఒక్క నట్టు. గోడకు బిగించిన ప్రెస్సులో స్ప్రింగును నొక్కి, అది పీట మీద వదులుగా తిరుగుతున్నదని చేత్తో తిప్పి చూసుకున్నాకే ఆ నట్టు జోలికి వెళ్లారు. స్వయంగా చేసుకుందామనుకునే మిత్రులకు ఒకటే మాట: మిగిలినదంతా చేసుకోండి, ఈ ఒక్కటీ ప్రెస్సు ఉన్నవాడి చేత చేయించండి.

పాత గొట్టం బయటికి వచ్చాక నా చేతికిచ్చారు. కడ్డీని అరచేత్తో నొక్కాను. మొదటి రెండంగుళాలు గాలిలో పోయినట్లు పోయింది, తరువాత ఎక్కడో బురదలో దిగినట్లు దిగింది. వదిలితే అక్కడే ఉండిపోయింది, పైకి రాలేదు. అప్పుడు 'బాగున్న' కుడిదాన్ని అడిగి తీసుకున్నాను. అదీ అంతే, ఒక అంగుళం తేడా. బయట ఒక్క నూనె చుక్క లేదు. బానెట్టు మూల నొక్కి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష పూర్తిగా చచ్చినవాటినే పట్టిస్తుంది, సగం చచ్చినవి దానికి దొరకవు. కొత్తదాన్ని నొక్కడానికి నాకు రెండు చేతులూ ఒంటి బరువూ కావలసివచ్చాయి, వదిలితే తనంతట తాను మెల్లగా లేచింది. బిగించే ముందు మేస్త్రి గారు దాన్ని నిలువుగా పెట్టి మూడు నాలుగుసార్లు పూర్తిగా నొక్కి లాగారు, లోపలి గాలి పైకి చేరడానికి. మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టబోయిన కుర్రవాడికి మాత్రం ఒక మొట్టికాయ పడింది. ఆ కడ్డీ మీద గోటి గీతంత గీత పడినా అది సీలును రోజూ కోస్తుంది.

ఇక నా రెండో తెలివితక్కువతనం. పైన స్ట్రట్టును కారు శరీరానికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగూ, దానిలో బేరింగూ ఉంటాయి. "ఇవి కూడా మార్చేద్దాం సార్, జత పద్నాలుగు వందలు" అన్నారు. షాకులకే నాలుగు వేల ఆరు వందలు పెట్టాను కదా అని, పాతవే వేయమన్నాను. ఆయన మొహం చూసి అయినా ఆగవలసింది. మూడో రోజు ఇంటి ముందు స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల 'టకటక' మని చప్పుడు. వారధి మీద అతుకు వచ్చినప్పుడల్లా డాష్‌బోర్డు కింద ఎవరో తలుపు తట్టినట్లు. అన్నాళ్లూ మెత్తబడిన షాకు వల్ల మౌంటింగు మీద పడని దెబ్బలు ఇప్పుడు నేరుగా పడుతున్నాయి. మళ్లీ ఆటోనగర్, మళ్లీ జాకీ, మళ్లీ ప్రెస్సు, మళ్లీ కూలి. పద్నాలుగు వందలు మిగల్చబోయి, ఆ పద్నాలుగు వందలతో పాటు ఇంకో పదిహేను వందలు ఇచ్చి వచ్చాను. మౌంటింగు, బేరింగు, కింద బంప్ స్టాపరు, దుమ్ము కవరు, ఇవన్నీ విప్పినప్పుడే మార్చాలి. అవి చవక, వాటిని చేరడానికి విప్పే శ్రమ ఖరీదు.

రెండోసారి పని అయ్యాక మేస్త్రి గారు, "ఇప్పుడు అలైన్‌మెంటు తప్పదండీ" అని పక్క వీధిలోకి పంపారు. సుద్ద గీత సుద్ద గీతే. చక్రాన్ని నిటారుగా నిలబెట్టేదే స్ట్రట్టు కాబట్టి అది మారితే చక్రం వాలు ఎంతో కొంత మారుతుంది. కంప్యూటరు తెర మీద కుడి చక్రం కొంచెం లోపలికి తిరిగి ఉన్నట్లు ఎరుపులో కనిపించింది. పది నిమిషాల్లో పచ్చబడింది. అలాగే వదిలేసి ఉంటే టైరు అంచు కొన్ని వేల కిలోమీటర్లలో నున్నగా అయిపోయేది.

పాత షాకుల్ని కుర్రవాడు పాత ఇనుము మూటలో వేయబోతుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను. 'నూనె పోయించు' అనే మనిషి మళ్లీ ఎవరైనా ఇంటికి వస్తే చేతికిచ్చి నొక్కమనడానికి. మొదట పెదనాన్నగారి చేతికే ఇచ్చాను. నొక్కి, వెల్డింగు అతుకు మీద బొటనవేలు రాసి చూసి, "మా కాలంలో దీనికి మూత ఉండేదిరా" అన్నారు. ఓడిపోయినట్లు అనలేదు, వస్తువుకే ఏదో అన్యాయం జరిగినట్లు అన్నారు.

శివరాత్రికి బావమరిది మళ్లీ వచ్చాడు. పని ఉందని నా కారు తీసుకుని మంగళగిరి దాకా వెళ్లి రెండు గంటల్లో తిరిగి వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టి, మంచినీళ్లు అడిగాడు. కారు గురించి ఒక్క మాట లేదు. నేనే ఉండబట్టలేక, "ఎలా ఉంది?" అన్నాను. "ఏమిటి?" అన్నాడు.

అతని కారు తొంభై అయిదు వేల కిలోమీటర్లు దాటిందని తెలుసు కాబట్టి, నీవి ఎప్పుడు మార్పించావని అడిగాను. గ్లాసు కింద పెట్టి, అక్కను కేకేసి, వంట ఏమిటని అడిగాడు.